రాత్రి మాత్ర

ఆ ఏడు వేసవిలో మా ఊళ్లో వడగళ్లు పడ్డాయి. చినుకులతో పాటు నాలుగు రాళ్లు రాలడం కాదమ్మా, పిడికెడేసి మంచుగడ్డలు. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుండగానే ఒక పక్క నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఎవరో పైన నుంచుని బండెడు కంకర దిమ్మరించినట్టు దిమ్మరించేసి తన దారిన తను పోయింది. నేనూ మా తమ్ముడూ కొట్లో బల్ల కింద దూరాం. మాది అద్దాల కొట్టు. రాళ్లు పడే వేళ అద్దాల కొట్లో ఉన్నవాడి పాట్లు పగవాడికి కూడా వద్దు.

చప్పుడు ఆగాక బయటికొచ్చి చూస్తే వీధంతా గాజు పెంకులు. నడిచేవాళ్ల చెప్పుల కింద కరకరమంటున్నాయి. ఒక్క ఇంటికీ కిటికీ మిగల్లేదు. ఆ ఇళ్లు పళ్లూడిపోయిన ముసలాళ్లలా నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి.

మా తమ్ముడు నడుం మీద చేతులేసుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"అన్నయ్యా, ఇన్నాళ్లూ ఒక్క కిటికీ పగిలితే చాలని ఎదురు చూశాం. ఆ పైవాడు ఊరినే పగలగొట్టి పంపించాడు చూడు."

"నోర్ముయ్‌రా. ఎవరైనా వింటే ఆ రాళ్లు మనమే వేయించామనుకుంటారు."

"అంత చెయ్యి తిరిగినవాడినైతే ఇక్కడెందుకుంటా?" అని నవ్వాడు. వాడి నవ్వు అలాంటిది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే వాణ్ణి కూడా నవ్వించి పంపేవాడు.

మా ఇద్దరిలో అద్దం కోసేది వాడే. కొలతలు తీసుకోవడం, చట్రం సరిచెయ్యడం, పుట్టీ పిసకడం, నిచ్చెన పట్టుకోవడం నా పని. వాణ్ణి ఊళ్లో ఒక్కగీత అనేవాళ్లు. బద్ద ఆనించి, అద్దం కోసే కలం కిరసనాయిల్లో ముంచి, జర్రుమని ఒక్క గీత గీసేవాడు. బల్ల అంచుకు పెట్టి చిటుక్కుమని విరిచేవాడు. అంచు మీద వేలు పెడితే నీళ్లలో పెట్టినట్టుండేది. రెండోసారి గియ్యాల్సొస్తే ఆ పూట భోజనం సయించేది కాదు వాడికి. నేనూ గీస్తాను గానీ నా గీత తాగినవాడు నడిచిన దారిలా ఉంటుంది.

అంతకు ముందు చలికాలంలోనే వాడి గుండె లయ తప్పిందని తేలింది. నిచ్చెన ఎక్కితే ఆయాసం, కూర్చుంటే గుండెలో కోడిపిల్ల కొట్టుకున్నట్టు దడ. గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె వాడి మణికట్టు పట్టుకుని, గోడ వంక చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. తర్వాత కాగితం మీద గీతలు తీయించి, మాకు అర్థమయ్యేలా చెప్పింది.

"మీ గుండె సమంగా కొట్టుకోవడం లేదు, వణుకుతోంది. వణికే గుండెలో రక్తం అంతా కదలదు. ఒక మూల నిలబడి గడ్డ కడుతుంది. ఆ గడ్డ అక్కడినుంచి బయల్దేరి మెదడు నరంలో అడ్డం పడిందనుకోండి, కాలూ చెయ్యీ పడిపోతాయి, మాట పోతుంది. అలా కాకుండా రక్తం పలచగా ఉంచడానికి ఈ మాత్ర. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బాగుందని మానెయ్యొద్దు, బాగోలేదనీ మానెయ్యొద్దు."

"ఎన్నాళ్లమ్మా?" అన్నాడు మా వాడు.

"ఉన్నన్నాళ్లూ."

"నేనా, మాత్రా?"

ఆమె కూడా నవ్వింది. ఏం చేస్తుంది పాపం.

చలికాలమంతా బుద్ధిగా వేసుకున్నాడు. అప్పుడు కొట్లో పని తక్కువ. దెబ్బ తగిలితే కాస్త ఎక్కువసేపు కారేది, గుడ్డ చుట్టుకుని కూర్చునేవాడు. నడుమ ఒకసారి పన్ను నొప్పొచ్చింది. పళ్ల డాక్టరు పీకెయ్యాలన్నాడు. ఈ మాత్ర సంగతి చెబితే, డాక్టరమ్మకి ఫోను చేసి కనుక్కుని, "ఆ పొద్దుటి మాత్ర ఒక్కటి వదిలేసి రా, రాత్రి మళ్లీ వేసుకో" అన్నాడు. వదిలేశాడు, పీకించుకున్నాడు, రాత్రి వేసుకున్నాడు. ఏమీ కాలేదు. ఆ "ఏమీ కాలేదు" అన్నది వాడి బుర్రలో మేకులా దిగిపోయిందని మాకెవరికీ తెలియలేదు.

వడగళ్ల తర్వాత మాకు తినడానికి తీరిక లేకపోయింది. తలుపు తీసేసరికి జనం. వేసవి చివర, ఇక వానలు దిగబోతున్నాయి, ఊరంతా కిటికీలు బార్లా పెట్టుకుని కూర్చుంది. చంటిపిల్లల తల్లులు, ముసలాళ్లు, బడివాళ్లు, ఆస్పత్రివాళ్లు. అందరూ "ముందు మాది, ముందు మాది" అనేవాళ్లే.

అద్దం కోత కత్తికోత లాంటిది కాదు. తెగినట్టే తెలియదు. ఏదో తడిగా ఉందేమిటని చూసుకుంటే అప్పుడు కనిపిస్తుంది. అద్దాల పనివాళ్లకి అదో లెక్కలోది కాదు. బొటనవేలితో నొక్కిపెట్టి పక్కవాడితో ఒక కబురు చెప్పుకునేలోపు ఆగిపోతుంది, మళ్లీ పన్లో పడతాం.

ఆ వారంలోనే ఒకరోజు, జుట్టు కత్తిరించే కొట్టావిడ పెద్ద నిలువుటద్దం కోయించుకోవడానికొచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. మా వాడు కోత కోసి, విరిచి, అంచు తుడుస్తున్నాడు. ఒక రక్తపు చుక్క అద్దం మీద పడింది. పైనుంచి చుక్క పడుతుంటే, లోపలినుంచి ఇంకో చుక్క పైకొచ్చి దాన్ని కలుసుకుంది. ఇంకోటి. ఇంకోటి. వాడు నొక్కిపెట్టాడు, ఆగలేదు. గుడ్డ చుట్టాడు, తడిసింది. ఇంకో గుడ్డ. అది కూడా.

ఆవిడ లేచి నిలబడింది. "బాబూ, నీకో దణ్ణం. ఈ అద్దం నాకొద్దు. రోజూ దీని ముందు జనాన్ని కూర్చోబెట్టాలి నేను."

"కడిగిస్తానమ్మా, మరకైనా ఉండదు."

"కడిగినా నాకు కనపడుతుంది" అని వెళ్లిపోయింది.

మా ఆవిడ నీళ్లు తెచ్చి, "ఏం మరిదీ, మనిషివా కుళాయివా? ఎటు తిప్పితే ఆగుతావో చెప్పు" అంది. వాడు నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. చెయ్యి పైకెత్తి పట్టుకుని, బళ్లో తప్పు చేసిన పిల్లాడిలా, సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాడు. వచ్చినవాళ్లందరికీ నేనే సర్దిచెప్పి పంపాను.

మర్నాడు నేను తోలు చేతితొడుగులు కొనుక్కొచ్చాను. "పెట్టుకోరా" అన్నాను.

"అన్నయ్యా, తొడుగు పెట్టుకుంటే అద్దం చెప్పేది చేతికి వినపడదు."

"వినపడకపోతే వినపడకపోయింది. పెట్టుకో."

నా మాట తీసెయ్యలేక పెట్టుకున్నాడు. మొదటి పలక విరిచేటప్పుడు మూలకి పగిలింది. రెండోది నిలువునా పగిలింది. మూడోది చేతిలోంచి జారి నా కాలి పక్కనే ముక్కలైంది. వాడు తొడుగులు తీసి, మెల్లగా, జాగ్రత్తగా, చచ్చిన పిట్టని పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

"ఇవి నువ్వుంచుకో. చలికాలం పనికొస్తాయి."

ఆ తర్వాత రెండు మూడు రోజులకే గమనించాను. చెయ్యి తెగింది, వాడు బొటనవేలితో నొక్కాడు, కబురు పూర్తయ్యేలోపు ఆగిపోయింది. పాత రోజుల్లోలాగే. నాకు సంతోషం వెయ్యాలి. భయమేసింది.

"ఒరేయ్, మాత్ర మానేశావా?"

"పొద్దుటిది ఒక్కటే."

"నీకేమైనా పిచ్చా?"

"అన్నయ్యా, నువ్వే చెప్పు. పన్ను పీకేటప్పుడు ఆపమన్నారా లేదా? ఒక్క కోతకి ఒక పూట ఆపొచ్చు. నాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోతలే. రోజూ పన్ను పీకించుకుంటున్నవాడి కింద లెక్క నేను. పళ్ల డాక్టరుకో న్యాయం, అద్దాలవాడికో న్యాయమా?"

"పద, డాక్టరమ్మనే అడుగుదాం."

"అడిగితే ఏమంటుంది? పని మానెయ్యమంటుంది. ఊరు ఇలా నోరు తెరుచుకుని ఉంటే నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా? వానలు పడేదాకా. అంతే. తర్వాత నువ్వు చెప్పినట్టే."

వాడికి మాటల్లో ఎప్పుడూ నేను సరిజోడు కాను. అందుకని వాడి భార్యకి, మా మరదలికి చెప్పాను. మా రెండిళ్లకీ ఒకటే వాకిలి, మధ్యలో కుళాయి. వాళ్లవి రెండు గదులు, మావి రెండు. రాత్రి భోజనాలకి అందరం వాళ్ల వసారాలో కూర్చుంటే, ఆమె కంచం ముందు మాత్ర పెట్టి, నిలబడింది.

"పొద్దున మానేశారంట?"

"అన్నయ్య పేపరువాడా ఏంటి, వీధివీధికీ వార్త మోస్తున్నాడు?"

"నవ్వులాటకి కాదు. పోతే మీరు పోతారు. మిగిలేది నేను."

వాడు నవ్వు ఆపేశాడు. పెళ్లైన దగ్గర్నుంచి ఆమె అంత కటువుగా మాట్లాడ్డం మేమెవ్వరం వినలేదు.

"సరే. ఒక ఒప్పందం" అన్నాడు. "పొద్దుటిది వదిలేస్తాను, పగలంతా అద్దం ముట్టుకుంటాను కాబట్టి. రాత్రిది వేసుకుంటాను. నీ చేత్తో ఇవ్వు, నీ ముందే వేసుకుంటాను. సగం మాట నాది, సగం నీది. వానలు పడగానే రెండూ నీవే."

ఆమె నా వంక చూసింది. నేను మా ఆవిడ వంక చూశాను. సగం పుట్టీ పెడితే అద్దం సగం నిలబడుతుందని ఏ పనివాడూ అనుకోడు. కానీ మందు దగ్గరికొచ్చేసరికి మేం నలుగురం అలాగే అనుకున్నాం. ఏమీ లేకపోవడం కన్నా సగం నయం కదా అని. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అడగాలన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. సగం బేరం కుదిరాక అడగడం ఎందుకని.

ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ ఆమె మాత్ర చేతిలో పెట్టేది, నీళ్ల గ్లాసు ఇచ్చేది. వాడు తల వెనక్కి వాల్చి నోట్లో వేసుకునేవాడు, నీళ్లు తాగేవాడు, కుళాయి దగ్గరికెళ్లి నోరు పుక్కిలించుకునేవాడు. మేం చూసేవాళ్లం. ఆమె ముఖం కాస్త తేలికపడేది.

ఆస్పత్రి కిటికీలకి పిలుపొచ్చింది. పిల్లల వార్డు, మగవాళ్ల వార్డు, ఆఖర్న డాక్టరమ్మ గది. నిచ్చెన మీద వాడు, కింద నేను. ఆమె బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటూ తలెత్తింది.

"మీరా! మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానమ్మా" అన్నాడు పైనుంచి. పుట్టీ అంటిన చేతులు.

నిచ్చెన పట్టుకున్న నేను పైకి చూశాను. వాడు నా వంక చూడలేదు.

"ఆ చేతులేంటి, అన్ని కోతలు? రక్తం ఆగుతోందా?"

"ఆగుతోందమ్మా. మీ దయ."

ఆమె కలం కింద పెట్టింది. ఇంకేదో అడగబోయింది. అంతలో నర్సు తలుపు తోసుకొచ్చి, పడక మీద ఎవరికో ఊపిరి అందడం లేదని పిలిచింది. ఆమె మెడలో గొట్టం సరిచేసుకుంటూ లేచి, "మానొద్దు సుమా. తీరిక చేసుకుని ఒకసారి నా దగ్గరికి రండి" అనుకుంటూ పరుగెత్తింది.

కొత్త అద్దంలోంచి వెలుతురు పడుతోంది గదిలో. వాడు దిగి, చేతులు తుడుచుకుని, "బాగా వచ్చింది కదా?" అన్నాడు. బాగానే వచ్చింది. నేను నిచ్చెన భుజానికెత్తుకున్నాను. సగం వేసుకుంటున్నాడు కదా, పూర్తి అబద్ధం కాదులే అనుకున్నాను.

తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది. గాలి ఆగిపోయి, చొక్కా వీపుకి అంటుకునే రోజు. బడి కిటికీలకి పెద్ద పలకలు కోస్తున్నాడు. నేను గుమ్మం దగ్గర కూర్చుని పుట్టీ పిసుకుతున్నాను. గీత గీసే చప్పుడు నా చెవులకి ఎంత అలవాటంటే, చూడకుండానే చెప్పగలను గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసిందీ. జర్రుమని మొదలైంది. మధ్యలో ఆగిపోయింది.

తలెత్తి చూశాను. కలం కింద పడి ఉంది. వాడు తన కుడి చెయ్యి వంక చూస్తున్నాడు. ఎవరో మర్చిపోయి వదిలేసి వెళ్లిన వస్తువు వంక చూసినట్టు.

"ఏంట్రా?"

ఏదో అన్నాడు. అది మాట కాదు. మళ్లీ అన్నాడు. అదీ మాట కాదు. మూతి ఒక పక్కకి జారిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాడు ఎడం చేత్తో, మెల్లగా కిందికి దిగిపోయాడు, అలసిపోయి కూర్చున్నవాడిలా. నేను పట్టుకునేసరికి వాడి బరువంతా నా మీద పడింది. బల్ల మీద పలక అలాగే ఉంది. సగం గీత.

"చెల్లీ!" అని మా ఆవిడ అరిచిన అరుపుకి వీధంతా వచ్చింది. అద్దాలు మోసే మా సరుకు బండిలోనే పడుకోబెట్టి, పక్కన మరదలు కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకుంటే, ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారంతా ఆమె ఒకటే మాట. "రాత్రిది వేసుకున్నారు కదా. ఏం కాదు. రాత్రిది వేసుకున్నారు కదా."

డాక్టరమ్మ పరుగున వచ్చింది. కళ్లలో లైటు వేసి చూసింది, చెయ్యెత్తి వదిలింది, తలకి ఫొటో తీయించింది.

"ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడేనమ్మా. నా కళ్ల ముందే."

"టైముకే తెచ్చారు. రక్తం కారలేదు తలలో, గడ్డే అడ్డం పడింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది నా దగ్గర. ఇప్పుడైతేనే పని చేస్తుంది. కానీ ఒక్క మాట నిజం చెప్పాలి. ఆ మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నాడు?"

నేను మరదలి వంక చూశాను. "పొద్దుటిది మానేశాడమ్మా, కొన్నాళ్లుగా" అన్నాను.

డాక్టరమ్మ ముఖం మారింది. కోపం కాదు. అడుగుదామని అడగలేకపోయిన మాట గుర్తొచ్చినట్టుంది. "రాత్రిది?"

"రాత్రిది వేసుకున్నారు" అంది మరదలు. "నా చేత్తో ఇచ్చాను. నీళ్లు కూడా నేనే ఇచ్చాను."

"మింగడం చూశావా?"

"నా కళ్లతో చూశానమ్మా. ఒక్క రాత్రి కూడా తప్పలేదు."

మంచం మీద వాడు ఏదో చప్పుడు చేస్తున్నాడు. ఎడం చెయ్యి గాలిలో కొట్టుకుంటోంది. నొప్పనుకున్నాను. "ఊరుకోరా, ఊరుకో, డాక్టరమ్మ వచ్చింది" అని ఆ చెయ్యి పట్టుకుని మంచానికి ఆనించి ఉంచాను.

డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "రాత్రి వేసుకుంటే అది ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అదుండగా ఇంజెక్షన్ ఇస్తే తలలో రక్తం కారి ప్రాణం పోతుంది. ఒంట్లో ఎంతుందో చూసే పరీక్ష ఇక్కడ లేదు. తీగ పెట్టి గడ్డని లాగే ఆస్పత్రి ఉంది గానీ, అక్కడికి చేరేసరికి కాలం దాటిపోతుంది. మీ మాటే నాకు ఆధారం. ఇవ్వలేను."

మరదలు ఆమె చెయ్యి పట్టుకుంది. "అయితే మాత్ర వేసుకోవడం తప్పా అమ్మా?"

"తప్పు కాదు తల్లీ" అంది ఆమె.

వాణ్ణి మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద వేశారు. బయట వాన పట్టుకుంది. కుడి పక్క కట్టె అయిపోయింది. మాట పోయింది. మనం చెప్పేది మాత్రం అంతా తెలుస్తుంది, కళ్లు చెప్పేవి. అది తెలియకపోయినా బాగుండేదేమో.

ఒకరోజు డాక్టరమ్మ చూడ్డానికొచ్చినప్పుడు మరదలు మళ్లీ అదే మాటంది. "ఒక్క రాత్రి తప్పకుండా వేసుకున్నారమ్మా, అయినా ఇలా ఎందుకైంది?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఏంటండీ? నీళ్లు కావాలా?"

కాదన్నాడు. ఎడం చెయ్యి పైకెత్తాడు. అరచెయ్యి చాపి, అందులో ఏదో ఉన్నట్టు చూపించాడు. నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. తల వెనక్కి వాల్చాడు. కానీ నోటికి తగలకుండానే పిడికిలి మూసేశాడు. లేని గ్లాసు ఎత్తి తాగాడు. తర్వాత పిడికిలిని మంచం పక్కకి చాపి, కుళాయి తిప్పినట్టు తిప్పి, వేళ్లు తెరిచాడు. నీళ్లలో కొట్టుకుపోయినట్టు వేళ్లు ఆడించాడు.

పక్క మంచం మీదాయన దగ్గు ఆపేశాడు.

"ఎప్పట్నుంచి?" అంది మరదలు.

వాడు వేలెత్తి కిటికీ చూపించాడు. ఆ అద్దం వాడు బిగించిందే. ఆస్పత్రికి అద్దాలు బిగించిన రోజుల నుంచీ అన్నమాట.

ఆమె ఏడవలేదు. వాడి దుప్పటి అంచు ముడతలు సరిచేసింది. ఒకటి, రెండోది, మళ్లీ మొదటిది. చివరికి డాక్టరమ్మ వైపు తిరిగి, "నేను ఆ రోజు వేసుకోలేదని చెప్పుంటే ఇంజెక్షన్ ఇచ్చేవారా?" అంది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "ఇచ్చేదాన్ని."

"బాగయ్యేవారా?"

"చెప్పలేనమ్మా. కొందరికి బాగవుతుంది. కొందరికి కాదు. నువ్వు చూసింది చెప్పావు. అందులో నీ తప్పేం లేదు."

"కొందరికి" అంది మరదలు. ఆ మాటని నోట్లో పెట్టుకుని ఉండిపోయింది. మింగనూ లేదు, కక్కనూ లేదు. అది ఇప్పటికీ ఆమె నోట్లోనే ఉందని నా అనుమానం.

ఇంటికి తెచ్చాం. కొట్టు మూసేశాం. నేను గీస్తే ఎవరు కొనుక్కుంటారు? మిగిలిన పలకలు ఇంకో ఊరి అద్దాలవాడొచ్చి బండిలో వేసుకుపోయాడు. వాడు మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ముఖంలో సగం మాత్రమే కదిలింది, ఆ సగం నేను చూడలేకపోయాను.

డాక్టరమ్మ మాత్రలు మళ్లీ మొదలుపెట్టమంది. ఒక గడ్డ వచ్చిన గుండెలోంచి ఇంకోటి రావొచ్చట. ఈసారి చేతులకి కోతలుండవు, మానడానికి సాకూ ఉండదు. మొదటి రాత్రి మరదలు మాత్ర నోట్లో పెట్టింది, నీళ్లు పట్టింది. వాడు మింగాడు. ఆమె గ్లాసు కింద పెట్టి వెళ్లబోయి ఆగింది. తిరిగొచ్చింది. "నోరు తెరవండి" అంది.

వాడు అర్థం కానట్టు చూశాడు.

ఆమె వంగి, రెండు వేళ్లతో వాడి నోరు తెరిచి, మట్టి తిన్న పిల్లాడి నోట్లో వెతికినట్టు వెతికింది. కుడి బుగ్గలో దొరికింది. ఆ పక్క స్పర్శ లేదు కదా, అది దానంతటదే జారిందో, వాడే దాచాడో, వాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె అడగలేదు. దాన్ని మళ్లీ నాలుక మీద పెట్టి, మళ్లీ నీళ్లు పట్టింది. వాడి ఎడం కంట్లోంచి నీళ్లు కారాయి. ఊరినంతా నవ్వించినవాడు.

మా ఆవిడ చూడలేక, "చెల్లీ, వద్దే, పాపం" అంది.

"అక్కా, నువ్వు మాట్లాడకు" అంది మరదలు. కోపంగా కూడా కాదు.

అది మొదలు రెండు పూటలా అంతే. పొద్దున వేళ్లు, రాత్రి వేళ్లు. మొదట్లో వాడు పళ్లు బిగించేవాడు. ఒకసారి కొరికాడు కూడా. ఆమె చెయ్యి తీసుకోలేదు, కొరకనిచ్చింది. తర్వాత్తర్వాత కొరకడం మానేశాడు. ఆ తర్వాత ఏడవడమూ మానేశాడు.

వానాకాలం వెళ్లిపోయేసరికి ఆమె వేళ్లు పెట్టాల్సిన పని లేకుండా పోయింది. మాత్ర మింగగానే ఎవరూ అడక్కుండానే నోరు తెరిచేవాడు. నాలుక పైకెత్తేవాడు. ఎడం బుగ్గ ఉబ్బించి చూపించేవాడు. కుడి బుగ్గ దానంతటది కదలదు కాబట్టి, ఎడం చేతి వేలు లోపల పెట్టి లాగి పట్టుకునేవాడు, ఆమెకి బాగా కనపడాలని దీపం వైపు తిరిగి.

ఆమె వంగి చూసేది. తీరిగ్గా చూసేది.

"సరే. మూసుకోండి" అనేది.